సీబీపీ కాగితంలో నివురుగప్పిన నిప్పు: షుగర్ ఉన్నవాళ్లు వాపు సూచికలు చూసుకునే పద్ధతి

షుగర్ ఫైల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కాగితం ఎప్పుడూ పైనే ఉంటుంది. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ అడుగున పడి ఉంటుంది. హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి మడిచి పెట్టేస్తారు. కానీ రానున్న పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో చెప్పే అంకెలు కొన్ని ఆ అడుగు కాగితంలోనే ఉన్నాయి. దానికి తోడు వాపు ప్రక్రియను కొలిచే హెచ్ఎస్-సీఆర్పీ అనే పరీక్ష ఒకటి చేయించుకుంటే చాలు, లెక్కకు కావాల్సినవన్నీ చేతికొచ్చినట్టే. ఆ అంకెల్ని ఎలా రాబట్టాలి, ఎక్కడ అవి అబద్ధం చెబుతాయి, ఎక్కువగా వస్తే దేనికోసం వెతకాలి అన్నదే ఇక్కడి సంగతి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ అంకె పొగ లాంటిది. ఇంట్లో పొగ కనబడితే విసనకర్ర పట్టుకుని పొగను తోలుతూ కూర్చోం, ఎక్కడ కాలుతోందో చూస్తాం. సీఆర్పీ ఎక్కువుందని దాన్ని దించే మందు అడిగేవాళ్లు పొగతో కుస్తీ పడుతున్నట్టు లెక్క.

హెచ్‌బీఏ1సీ 6.5 దాటినవాళ్లకే కాక, 5.7 నుంచి 6.4 మధ్య ఉన్న ప్రీడయాబెటిస్ వాళ్లకూ ఇదంతా పనికొస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు 13.6 కోట్లు. రెండో గుంపులో చాలామంది ‘బోర్డర్‌లోనే ఉందిలే’ అని ఊరుకుంటారు. రక్తనాళాల గోడలు మాత్రం బోర్డర్ దగ్గర ఆగి చూడవు.

నిప్పు ఎక్కడిది?

దెబ్బ తగిలినచోట ఎర్రబడి, ఉబ్బి, నొప్పి పెట్టే వాపు వేరు. ఇక్కడ మాట్లాడేది ఏళ్ల తరబడి సన్నగా రగిలే వాపు ప్రక్రియ గురించి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. దీనికి పెద్ద కారణం బొజ్జ. పొట్టలో పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వులోకి మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు చేరి ఐఎల్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి రసాయనాల్ని వదులుతుంటాయి. అవి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, షుగర్ పెరుగుతుంది. పెరిగిన షుగర్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి మళ్లీ అవే కణాల్ని రెచ్చగొడుతుంది. ఐఎల్-6 సంకేతం అందగానే కాలేయం సీ-రియాక్టివ్ ప్రొటీన్‌ను తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. అదే సీఆర్పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. న్యుమోనియా క్రిమి పైపొరలోని ‘సీ’ అనే పదార్థానికి అతుక్కుంటుంది కాబట్టి ఆ పేరు.

మనవాళ్లలో చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన శరీరం ఎక్కువ. అందుకే బరువు మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకుండా టేపు తీసుకుని నడుము కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే నిప్పుకు కట్టెలు సిద్ధంగా ఉన్నట్టే.

ల్యాబ్‌లో ఏమని అడగాలి

‘సీఆర్పీ చేయండి’ అంటే సరిపోదు. ల్యాబుల్లో ఆ పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. గాజుపలక మీద రక్తరసం చుక్కను కలిపి గడ్డకట్టిందా లేదా చూసి ‘పాజిటివ్, నెగెటివ్’ అని రాసిచ్చేది మొదటిది. సాధారణంగా లీటరుకు 6 మిల్లీగ్రాముల దగ్గర అది పాజిటివ్ అవుతుంది. మన లెక్కంతా 1, 2, 3 అంకెల చుట్టూ తిరుగుతుంది కాబట్టి అది దండగ. రెండోది మామూలు క్వాంటిటేటివ్ సీఆర్పీ: న్యుమోనియా, సెప్సిస్ లాంటివి పట్టుకోవడానికి. కింది అంకెల్లో దాన్ని నమ్మలేం. మనకు కావాల్సింది మూడోది, హై సెన్సిటివిటీ సీఆర్పీ. చీటీ మీద ‘హెచ్ఎస్’ అన్న రెండక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

తర్వాత యూనిట్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కొన్ని రిపోర్టుల్లో లీటరుకు మిల్లీగ్రాములు ఉంటాయి, కొన్నిట్లో డెసీలీటరుకు. డెసీలీటరు అంకెను 10తో గుణిస్తే లీటరు అంకె వస్తుంది. అంటే ‘0.6’ అని చూసి సంబరపడితే, పక్కన డెసీలీటరు అని ఉన్నప్పుడు అది నిజానికి 6.

దీంతోపాటు ఒక సీబీపీ. అందులో తెల్లరక్తకణాల విభజన, అంటే డిఫరెన్షియల్ కౌంట్, మెషీన్ మీద ఐదు రకాలుగా వచ్చేలా అడగండి. చిన్న మెషీన్లు మూడు రకాలే చెబుతాయి: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, మిగిలినవన్నీ కలిపి ‘మిడ్’. మోనోసైట్లు, ఇసినోఫిల్స్ ఆ మిడ్‌లో కలిసిపోతాయి కాబట్టి కింద చెప్పబోయే ఒక లెక్క దాంతో కుదరదు. ఇక మైక్రోస్కోపు కింద 100 కణాలు లెక్కపెట్టి శాతాలు రాసే పద్ధతిలో పొరపాటు ఎంత ఉంటుందో చూడండి: నిజంగా 24 శాతం ఉన్న లింఫోసైట్లు కేవలం యాదృచ్ఛికంగానే ఒకసారి 17గా, ఇంకోసారి 32గా రావచ్చు. టెక్నీషియన్ ఎంత జాగ్రత్తపరుడైనా 100 కణాల లెక్కకు ఉండే గుణమే అది. అలాంటి అంకెతో భాగహారం చేస్తే వచ్చే జవాబు జాతకం లాంటిదే.

ఈ రెండింటికీ పరగడుపు అక్కర్లేదు. ఎటూ ఎఫ్‌బీఎస్‌కి ఖాళీ కడుపుతో వెళతారు కాబట్టి అదే సూదిపోటులో పని కానివ్వండి. సీబీపీకి ఊదారంగు మూత గొట్టం, షుగర్‌కి బూడిదరంగు, సీఆర్పీకి ఎరుపు లేదా పసుపు. ఊదా గొట్టాన్ని రక్తం పడగానే మెల్లగా ఎనిమిది నుంచి పదిసార్లు తలకిందులు చేయాలి. చేయకపోతే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషీన్ గుంపును ఒకటిగా లెక్కపెడుతుంది, అంకె తక్కువ వస్తుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే వాళ్లయితే ల్యాబ్‌కి ఎప్పుడు చేరుతుందో అడగండి. ఎండలో బండి మీద పూటంతా తిరిగిన శాంపిల్లో తెల్లకణాలు చెడిపోతాయి.

ఇక్కడితో సరి. ఐఎల్-6, టీఎన్ఎఫ్, ఫైబ్రినోజెన్ అంటూ పెద్ద ప్యాకేజీలు అంటగడుతుంటారు. ఇంట్లో నిర్ణయం తీసుకోవడానికి అవి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈఎస్ఆర్ కూడా ఈ పనికి రాదు. రక్తహీనత ఉంటే పెరుగుతుంది, వయసుతో పెరుగుతుంది, ఆడవాళ్లలో మామూలుగానే ఎక్కువ. దాని అవసరం ఒక్కచోట ఉంది, పాదం దగ్గర చెబుతాం.

ఎప్పుడు రక్తం ఇవ్వకూడదు

సీఆర్పీ తొందరపాటు మనిషి లాంటిది. ఇన్‌ఫెక్షన్ మొదలైన 6 నుంచి 8 గంటల్లో పెరగడం మొదలెడుతుంది, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. కారణం ఆగిపోతే సుమారు 19 గంటలకు సగం చొప్పున తగ్గుతూ పోతుంది. అందువల్ల జలుబు, దగ్గు, విరేచనాలు, పంటి నొప్పి, మూత్రంలో మంట, సెగగడ్డ లాంటివి తగ్గి కనీసం రెండు వారాలు అయ్యాక ఇవ్వండి. టీకా వేయించుకున్నా, పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ అయినా ఆగాల్సిందే. డెంగ్యూ, చికున్‌గున్యా వచ్చి వెళ్లినవాళ్లు ఇంకా ఆగాలి. చికున్‌గున్యా కీళ్లనొప్పులు నెలలు లాగుతాయి. ముందు రోజు అలవాటు లేని కష్టం చేసినా, పెళ్లిళ్లకు తిరిగి రాత్రంతా నిద్ర లేకపోయినా మరో రోజు చూసుకోండి.

మందుల సంగతి. మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు, ఆస్తమాకో ఒంటినొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవాళ్లు సీబీపీ లెక్క వేసుకోవద్దు. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ని పెంచుతుంది, లింఫోసైట్స్‌ని తగ్గిస్తుంది, షుగర్‌ని ఎగదోస్తుంది. మూడూ కలిసి రిపోర్టు చూస్తే గుండె గుభేల్మంటుంది. పల్లెల్లో ‘రెండ్రోజుల్లో తగ్గిపోతుంది’ అని ఇచ్చే పేరు లేని మాత్రల పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండటం కొత్తేమీ కాదు, గుర్తుంచుకోండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు సీఆర్పీని పెంచుతాయి. కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ తగ్గిస్తుంది. గర్భిణులకు సీఆర్పీ, తెల్లకణాలు రెండూ సహజంగానే పెరుగుతాయి, వాళ్లకు ఈ లెక్కలే వద్దు. సిరోసిస్ లాంటి ముదిరిన కాలేయ జబ్బులో తయారుచేసే కర్మాగారమే మూతపడుతుంది కాబట్టి సీఆర్పీ తక్కువున్నా ధైర్యపడటానికి లేదు.

కాగితం, పెన్ను తీసుకోండి

సీఆర్పీని కనీసం రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు తీయాలి. 2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి చెప్పిన కొలతే ఇప్పటికీ వాడుకలో ఉంది: లీటరుకు 1 కంటే తక్కువైతే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఆ అంకెను గుండె లెక్కలోకి తీసుకోకూడదు. ఏదో ఇన్‌ఫెక్షనో, కీళ్లవాతమో, గాయమో ఉందని అర్థం. దాని సంగతి చూసి, రెండు వారాలాగి మళ్లీ చేయించాలి. 2018 నుంచి అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాల్లో 2, ఆపైన ఉంటే ‘ముప్పును పెంచే అంశం’గా రాస్తున్నారు.

రెండుసార్లు ఎందుకంటే ఒకే మనిషిలో, ఏ జబ్బూ లేకుండానే, ఈ అంకె సుమారు 40 శాతం అటూ ఇటూ ఊగుతుంది. జనవరిలో 2.4, ఏప్రిల్‌లో 3.1 వస్తే పెరిగినట్టు కాదు. దాదాపు రెండింతలైతేనో, సగానికి పడిపోతేనో అప్పుడు మార్పు అనాలి. ‘పోయినసారి కంటే 0.4 తగ్గింది, కషాయం పనిచేసింది’ అనే మాటలు ఇక్కడే పుడతాయి.

ఇప్పుడు సీబీపీ. ఒక ఉదాహరణ తీసుకుందాం. మొత్తం తెల్లకణాలు 8,600. న్యూట్రోఫిల్స్ 66 శాతం, లింఫోసైట్స్ 24 శాతం, మోనోసైట్స్ 6 శాతం. ప్లేట్‌లెట్లు 2.9 లక్షలు.

మొదటి లెక్క ఎన్ఎల్ఆర్: న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించడమే. 66ను 24తో భాగిస్తే 2.75. శాతాలతో వేసినా, విడి సంఖ్యలతో వేసినా ఇదే వస్తుంది. న్యూట్రోఫిల్స్ దాడికి దిగే కణాలు. లింఫోసైట్లు లోపలి ఒత్తిడి పెరిగితే తగ్గుతాయి. వాపు ప్రక్రియ రగిలేకొద్దీ పైఅంకె పెరిగి కిందిది తగ్గుతుంది. ఆరోగ్యవంతుల్లో ఎక్కువమందికి 1 నుంచి 3 మధ్య ఉంటుంది.

రెండోది ఎస్ఐఐ. దీనికి ప్లేట్‌లెట్లు కూడా కావాలి. మన రిపోర్టుల్లో లక్షల్లో ఉంటుంది, లెక్కకు వెయ్యితో భాగించాలి: 2,90,000 కాస్తా 290 అవుతుంది. 290ని 2.75తో గుణిస్తే దాదాపు 798. ఇక్కడ వెయ్యితో భాగించడం మరిచిపోయి లక్షల్లో జవాబు తెచ్చుకుని బెంబేలెత్తేవాళ్లున్నారు.

మూడోది ఎస్ఐఆర్ఐ: న్యూట్రోఫిల్స్‌ని మోనోసైట్స్‌తో గుణించి లింఫోసైట్స్‌తో భాగించాలి. దీనికి శాతాలు పనికిరావు, విడి సంఖ్యలే కావాలి. 8,600లో 66 శాతం 5,676. 6 శాతం 516. 24 శాతం 2,064. ఒక్కోదాన్నీ వెయ్యితో భాగించి 5.676ను 0.516తో గుణించి 2.064తో భాగిస్తే 1.42.

మూడింటిలో ఇంటి వాడకానికి ఎన్ఎల్ఆర్ ఒక్కటే చాలని మా అభిప్రాయం. ఎస్ఐఐ, ఎస్ఐఆర్ఐలకు అందరూ ఒప్పుకున్న గీత అంటూ లేదు. ఒక్కో అధ్యయనం తన జనాన్ని బట్టి ఒక్కోచోట కోత పెట్టుకుంది. పైగా ప్లేట్‌లెట్లు ఐరన్ లోపంలో పెరుగుతాయి, మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంతో తెలిసిందే. వాళ్లకు ఎస్ఐఐ ఎక్కువ రావడానికి గుండెతో సంబంధం లేని కారణం సిద్ధంగా ఉంటుంది. ఐరన్ లోపం హెచ్‌బీఏ1సీని కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఆయుష్షు గురించి ఈ అంకెలు చెప్పేదెంత

అమెరికాలో ఎన్‌హేన్స్ అనే జాతీయ ఆరోగ్య సర్వే ఏళ్ల తరబడి జరుగుతోంది. అందులో రక్తం ఇచ్చినవాళ్ల పేర్లను ప్రభుత్వ మరణాల రిజిస్టరుతో జతచేసి చూస్తారు. షుగర్, ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లను వేరుచేసి చూసిన విశ్లేషణల్లో ఎన్ఎల్ఆర్, ఎస్ఐఆర్ఐ ఎక్కువున్న వరుసలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి. షుగర్ ఎంత, వయసెంత, పొగ తాగుతారా అన్నవి సర్దుబాటు చేశాక కూడా ఆ తేడా మిగిలింది.

సీఆర్పీ విషయంలో ఇంకా గట్టి ఆధారం ఉంది. 2023లో లాన్సెట్ పత్రికలో పాల్ రిడ్కర్ బృందం స్టాటిన్ వాడుతున్న 31,245 మందిని పరిశీలించి రాసింది. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు చాలామంది. హెచ్ఎస్-సీఆర్పీ అందరికంటే ఎక్కువున్న పాతిక శాతం మందిని, అందరికంటే తక్కువున్న పాతిక శాతంతో పోలిస్తే గుండెజబ్బు మరణాల ముప్పు 2.68 రెట్లు, ఏ కారణంతోనైనా మరణించే ముప్పు 2.42 రెట్లు. స్టాటిన్ మీద ఉన్నవాళ్లలో మిగిలిన ముప్పును చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ కంటే సీఆర్పీయే బాగా పట్టిచ్చింది.

రెట్లు చదివేటప్పుడు అసలు ఎంతకు అన్నది చూడాలి. పదేళ్లలో నూటికి ఇద్దరు పోయే గుంపులో ముప్పు రెట్టింపైతే నలుగురు. నూటికి ఇరవై మంది పోయే గుంపులో రెట్టింపైతే నలభై. 38 ఏళ్ల ప్రీడయాబెటిస్ మనిషికీ, 66 ఏళ్ల వయసులో స్టెంట్ వేయించుకుని కిడ్నీలు కూడా దెబ్బతిన్న మనిషికీ సీఆర్పీ ఒకటే 4 ఉండొచ్చు, ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. ఇంకో సంగతి: ఇవి గుంపుల లెక్కలు. ఎన్ఎల్ఆర్ 3.5 వచ్చినంత మాత్రాన ఎవరికీ తేదీ రాసిపెట్టినట్టు కాదు. ఎక్కువ అధ్యయనాల్లో ఒకేఒక్కసారి తీసిన రక్తం మీద ఆధారపడ్డారు, అమెరికా జనంలో తేలిన గీతలు మనకు అచ్చంగా సరిపోతాయని చెప్పడానికీ లేదు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో న్యూట్రోఫిల్స్ పుట్టుకతోనే తక్కువ, వాళ్లకు అవే గీతలు పెడితే తప్పు.

రెండుసార్లూ ఎక్కువే వచ్చింది, ఇప్పుడు?

వెతకాలి. నోటి నుంచి మొదలుపెట్టండి. షుగర్ ఉన్నవాళ్లలో దాగున్న నిప్పుకు చిగుళ్లు పేరుమోసిన చోటు. బ్రష్ చేస్తే రక్తం, నోటి దుర్వాసన, కదిలే పళ్లు ఉంటే డెంటిస్టు దగ్గర చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేయించాలి. పైపైన మెరుగుపెట్టే క్లీనింగ్ చాలదు. ఈ చికిత్సతో మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఒక షుగర్ మాత్ర చేసే పనికి అది దగ్గరగా ఉంది. గుట్కా, ఖైనీ, చుట్ట, ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉంటే చిగుళ్ల వైద్యం నిలవదు.

తర్వాత పాదాలు. వేళ్ల మధ్య, మడమ పగుళ్లలో, ఆనెకాయల కింద చూడండి. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. షుగర్ పుండు ముదిరినా కొందరికి జ్వరం రాదు, తెల్లకణాలు కూడా పెరగవు. పుండు ఉండి ఈఎస్ఆర్ 70 దాటితే ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి దిగిందేమో అనుమానించాలి. ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ వెంటనే కావాలి. ఈఎస్ఆర్ పనికొచ్చే చోటు ఇదే.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రాల్లో వెచ్చబడటం, బరువు తగ్గడం ఉంటే గళ్ల పరీక్ష. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రభుత్వ కేంద్రాల్లో ఆ పరీక్ష, మందులు ఉచితం. షుగర్ వల్లే చిక్కిపోతున్నామనుకుని నెలలు పోగొట్టుకునేది ఈ జబ్బు విషయంలోనే.

మూత్రంలో మంట లేకున్నా ఒక సీయూఈ (మూత్ర పరీక్ష), దాంతోపాటు అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటి రెండోసారి కూడా అలాగే ఉంటే కిడ్నీ వడపోత దెబ్బతింటోందని అర్థం. నిజం చెప్పాలంటే, డబ్బు ఒకే పరీక్షకు ఉందంటే సీఆర్పీ మానేసి ఇదే చేయించమంటాం. ఎందుకంటే దీనికి నేరుగా మందు మారుతుంది. చివరగా ఉదయంపూట గంటసేపు వేళ్లు బిగుసుకుపోయే కీళ్లవాతం, సోరియాసిస్, ఫ్యాటీ లివర్, గురక పెడుతూ ఊపిరి ఆగే నిద్రజబ్బు గురించి డాక్టరుకు చెప్పండి. ఎన్ఎల్ఆర్ మరీ తక్కువగా, అంటే లింఫోసైట్లు శాతంలోనూ సంఖ్యలోనూ బాగా పెరిగి కనిపిస్తే అది మంచి వార్త అనుకోకండి. అరవై దాటినవాళ్లలో ఒకరకం రక్త క్యాన్సర్ అలా బయటపడుతుంది.

ఏవీ దొరకలేదా? చాలామందికి ఇదే జరుగుతుంది. అప్పుడు మిగిలేది పొట్ట కొవ్వు, పొగాకు, అదుపులో లేని బీపీ, ఎల్‌డీఎల్, షుగర్.

ఆయుష్షు పెరిగినట్టు రుజువైనది

డెన్మార్క్‌లో స్టెనో-2 అనే అధ్యయనం ఉంది. టైప్ 2 షుగర్ ఉండి మూత్రంలో అల్బుమిన్ పోతున్న 160 మందిని రెండుగా విడదీసి, ఒక సగానికి బీపీ, కొవ్వు, షుగర్, పొగాకు, తిండి, వ్యాయామం అన్నిటినీ ఒకేసారి గట్టిగా పట్టించారు. అలా పట్టించింది 7.8 ఏళ్లు. 21 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే ఆ సగం మంది మిగతావాళ్లకంటే మధ్యగత లెక్కన 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. ఒక్క మందుతో కాదు, చాలా కొళాయిలు ఒకేసారి కట్టేయడంతో.

మీ దగ్గర ఆ పని ఇలా ఉండాలి. బీపీ 130/80 లోపు. నలభై దాటిన షుగర్ రోగికి స్టాటిన్. ఎల్‌డీఎల్ అదనపు ముప్పులున్నవాళ్లకు 70 లోపు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55 లోపు. 2008 నాటి జూపిటర్ అనే మందు పరీక్షలో 20 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ సీఆర్పీని 37 శాతం, గుండె ప్రమాదాలను 44 శాతం తగ్గించింది. అయితే అందులో షుగర్ రోగుల్ని చేర్చుకోలేదన్న సంగతి ఆ అంకెను ఉటంకించేవాళ్లు చాలామంది చెప్పరు. షుగర్ ఉన్నవాళ్లకు స్టాటిన్ మేలు వేరే పరీక్షల్లో రుజువైంది, సీఆర్పీ ఎంతున్నా వాళ్లకది కావాల్సిందే. గుండెజబ్బు ఉన్న 7,020 మంది షుగర్ రోగుల మీద జరిగిన ఎంపా-రెగ్ పరీక్షలో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు మొత్తం మరణాలను 32 శాతం తగ్గించింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఈ తరగతి మందు తమకు సరిపడుతుందేమో అడగాలి. వాడేవాళ్లు జననాంగాల దగ్గర దురద, ఫంగస్ గురించి జాగ్రత్తపడాలి, ఉపవాసాల రోజుల్లో, వాంతులు విరేచనాలప్పుడు డాక్టరును అడిగి ఆపాలి.

బరువు 5 నుంచి 10 శాతం తగ్గితే సీఆర్పీ దానంతటదే దిగుతుంది. 80 కిలోల మనిషికి 4 నుంచి 8 కిలోలు. మన కంచంలో దీనికి మొదటి అడుగు అన్నం కొలత: గిన్నెలోంచి గరిటెతో వడ్డించుకోకుండా ఒక కప్పుతో కొలిచి, ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండలకు పని.

డబ్బు, ఒళ్లు రెండూ చెడేవి

వాపు తగ్గిస్తుందని సొంతంగా ఆస్పిరిన్ వేసుకోవద్దు. 15,480 మంది షుగర్ రోగుల మీద జరిగిన అసెండ్ పరీక్షలో ఆస్పిరిన్ గుండె, మెదడు ప్రమాదాల్ని 12 శాతం తగ్గించింది, పెద్ద రక్తస్రావాల్ని 29 శాతం పెంచింది. స్టెంట్ ఉన్నవాళ్లకు లెక్క వేరు, వాళ్లు ఆపకూడదు. నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీలకు చేటు.

వాపు ప్రక్రియ మీదే గురిపెట్టిన మందులూ వచ్చాయి. 2017లో కాంటోస్ పరీక్షలో కనాకినుమాబ్ ఇంజెక్షన్ గుండె ప్రమాదాల్ని 15 శాతం తగ్గించింది కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. షుగర్, మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న గుండె రోగులకు తక్కువ మోతాదు మెతోట్రెక్సేట్ ఇచ్చి చూస్తే సీఆర్పీయే కదల్లేదు. కొల్చిసిన్ 0.5 మిల్లీగ్రాములు 2020లో లోడోకో-2 పరీక్షలో 31 శాతం మేలు చూపింది, 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టిన మరో పెద్ద పరీక్షలో ఏ తేడా చూపలేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిపితే అది విషమవుతుంది. గుండె డాక్టరు రాస్తే తప్ప ముట్టకూడదు.

కూరలో వేసే పసుపుతో పేచీ లేదు. మిరియాల సారం కలిపి గట్టి మోతాదులో అమ్మే కుర్‌కుమిన్ క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. వేసుకుంటున్నవాళ్లు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించాలి.

మళ్లీ ఎప్పుడు?

చిగుళ్ల వైద్యం, కొత్త స్టాటిన్, బరువు తగ్గడం వంటి మార్పు మొదలెట్టిన మూడు నెలలకు, హెచ్‌బీఏ1సీతో కలిపి. అంతకంటే ముందు చేయించినా అంకెల ఊగిసలాటే కనబడుతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు. అదే ల్యాబ్, అదే మెషీన్ అయితే మేలు. ప్రతి రిపోర్టు మూలలో ఐదు సంగతులు చేత్తో రాసుకోండి: ఆ రోజు నడుము కొలత, బీపీ, ఎన్ఎల్ఆర్, అప్పుడు వాడుతున్న మందులు, గత నెలలో వచ్చిన జ్వరాలు. తర్వాతిసారి అంకె ఎగిరినప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ ఐదో సంగతే.